‘అక్కడ చూసుకుందాంలే’

సంక్రాంతి వెళ్ళిన వారం. రాత్రి ఎనిమిదింబావుకే టీవీ కట్టేయించి, కాసేపు ఎవరూ నెట్ వాడొద్దని చెప్పి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కావలిలో నేను, బెంగళూరులో మా అమ్మాయి, సియాటిల్‌లో మా కోడలు. ముగ్గురం ఒకే పేజీ తెరిచి పెట్టుకుని ఫోన్లో లైన్ మీద ఉన్నాం. కోడలికి అప్పుడు తెల్లవారి ఏడు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఎనిమిది కొట్టగానే, అంటే మనకి ఎనిమిదిన్నరకి, గ్లేసియర్ నేషనల్ పార్కులో ఫిష్ క్రీక్ అనే చోట సరిగ్గా ఆరు నెలల తర్వాతి తారీఖులకి జాగాలు వదుల్తారు. గదులు కాదు, మేం అద్దెకి తీసుకునే ఆర్‌వీ అనే ఇల్లులాంటి బండి నిలుపుకోవడానికి నేల. మొత్తం 178 జాగాలు, వాటిలో మా బండి పట్టేవి కొన్నే. పక్కనే లేక్ మెక్‌డొనాల్డ్, దాదాపు 10 మైళ్ళ పొడవున కొండల మధ్య పరుచుకున్న చెరువు.

మా తమ్ముడు సోఫాలో కూర్చుని అరిసె కొరుకుతూ, “తత్కాలన్నా ముందురోజే కదక్కా, ఇదేందీ ఆర్నెల్ల ముందు తత్కాల్!” అన్నాడు.

నా పేజీలో చక్రం తిరుగుతూనే ఉంది. అమ్మాయి తారీఖు నొక్కేసరికి అది ఎరుపైపోయింది. రెండు నిమిషాలు కూడా కాలేదు, కోడలు “దొరికింది అత్తయ్యా! నాలుగు రాత్రులు!” అని కేకేసింది. పదో తరగతి ఫలితాల్లో స్కూలు మొత్తం పాసైన రోజు కూడా నేనంత గట్టిగా అరిచి ఉండను.

తమ్ముడు చెయ్యి దులుపుకుని తీర్పు చెప్పాడు. “ఇట్టా గంట కొట్టినప్పుడు లేచి, కాగితం మీద గీతలు గీసుకుని పొయ్యేది ప్రయాణమా? మనం కంభం చెరువుకి పోయింది గుర్తుందా? ఏ ప్లానూ లేదు. పోదాం పదండి అన్నా, పోయాం. ఎంత బాగుండిందక్కా ఆ రోజు!”

వాడికి ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. ఇంకో రెండు అరిసెలు పెట్టి పంపించాను. జవాబు ఇదిగో, కాస్త పొడుగ్గా వచ్చింది.

ఆ రోజు ఎవరికి బాగుంది

మూడేళ్ళ కిందట, చెరువు నిండిందని పేపర్లో ఫోటో వేసిన ఆదివారం. టెంపో ట్రావెలర్‌లో పదకొండు మందిమి. మా అత్తమ్మకి అప్పుడు డెబ్బై ఎనిమిది, షుగరు. మా చెల్లెలి కూతురికి ఆ పొద్దున్నే నెలసరి. ఆ పిల్ల రానంటే, “కారులో కూర్చునేదే కదా, రా” అని లాక్కొచ్చింది మా తమ్ముడే. ప్రేమతోనే లెండి. తొమ్మిదికి బయల్దేరదామనుకున్నది పదకొండున్నరయింది. దారిలో ఎక్కడ తింటాం, ఎక్కడ ఆగుతాం, చీకటి పడితే ఏంటి అని నేను అడిగినవాటికి అన్నిటికీ ఒకటే సమాధానం వచ్చింది: “అక్కడ చూసుకుందాంలే.”

కందుకూరు దాటాక మగవాళ్ళు మొదటిసారి బండి ఆపారు. తుమ్మచెట్లు, ఒక మైలురాయి, వాళ్ళకి ఇంకేం కావాలి? మేం బండిలోనే కూర్చున్నాం. కనిగిరి దగ్గర ఒక పెట్రోలు బంకులో ఆపితే బాత్రూముకి తాళం. తాళంచెవి ఓనరు దగ్గరుందట, ఓనరు పెళ్ళికి పోయాడట. అక్కడినుంచి ఆడవాళ్ళం ఎవరం నీళ్ళు తాగలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు కూడా. సీసా చేతికి వస్తే మూతి తడుపుకుని పక్కవాళ్ళకి అందించడం, అంతే. ఈ పని మాకు ఎవరూ నేర్పలేదు. ఎనిమిదో తరగతి నుంచీ వచ్చు.

చెరువు చేరేసరికి పొద్దు వాలిపోయింది. రెండు కొండల మధ్య సందుని కట్టతో మూసి గుండ్లకమ్మని నిలబెట్టిన చోటది. అయిదొందల ఏళ్ళ నాటి పని. 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చారు కూడా. అవతలి ఒడ్డు కొండలు నీళ్ళలో తలకిందులుగా ఉన్నాయట. రంగు మారిపోయాయట నీళ్ళు. మావాళ్ళ ఫోన్లలో ఫోటోలు నేను తర్వాత చూశాను. ఆ సమయంలో నా కళ్ళు నీళ్ళ మీద లేవు, పొదల మీద ఉన్నాయి. నేనూ మా చెల్లెలూ కట్ట దిగి, రోడ్డుకి కనపడని చోటు కోసం అటూ ఇటూ తిరుగుతున్నాం. చివరికి ఒక కంపచెట్టు వెనక, నేను ఒక కొసా చెల్లెలు ఒక కొసా పట్టుకుని దుప్పటి అడ్డంపెట్టాం. ముందు పిల్ల, తర్వాత అత్తమ్మ. అత్తమ్మ మోకాళ్ళు వంగవు, నా భుజం పట్టుకుని సగం వంగింది. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో ఒక ట్రాక్టరు మలుపు తిరిగింది. దాని లైటు దుప్పటి మీద పడి, లోపల ఉన్న మనిషి నీడ అచ్చుగుద్దినట్టు కనపడింది. ఆ ట్రాక్టరు వెళ్ళిపోయేదాకా నలుగురం ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం.

“ఇంక ఇంటికి పొయ్యేదాకా నాకు నీళ్ళియ్యబాకండమ్మా” అంది అత్తమ్మ.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మూడో రోజుకి ఆమెకి చలిజ్వరం. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న “నీళ్ళు సరిగ్గా తాగలేదా?” అని. ఆ చెరువుని వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని ఆ వైపు జనం చెప్పుకుంటారు. నాకు ఆ రాత్రి ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఆమె తప్పేముంది పాపం.

నిజం ఒప్పుకోవాలి. ఆ రోజంతా పాడే అంటే అబద్ధమవుతుంది. బేస్తవారిపేట ఇవతల రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు కనపడితే ఆపాం. షుగరున్నా సరే ఒకటి తింటానని అత్తమ్మ మొండికేసింది. తిని, గింజలు కిటికీలోంచి ఉమ్ముతూ చిన్నపిల్లలా నవ్వింది. ఆమె పోయి ఏడాదిన్నరయింది. ఆమె నవ్వు అనగానే నాకు గుర్తొచ్చేది అదే. అది ఏ ప్లానులోనూ లేదు. మా తమ్ముడు ఈ ముక్క పట్టుకుని వాదిస్తే నేను ఒప్పుకుంటాను. కానీ వాడికి ఆ రోజు నుంచి సీతాఫలాలూ చెరువూ గుర్తున్నాయి, దుప్పటి గుర్తులేదు. గుర్తులేకపోవడం కాదు, వాడు అసలు చూడలేదు. మేం కట్ట దిగింది వాడికి “ఆడవాళ్ళు అటు నడవడానికి పోయారు” అంతే.

నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటే. అనుకోకుండా బయల్దేరడం స్వేచ్ఛే. కాకపోతే ఆ స్వేచ్ఛకి బిల్లు వస్తుంది, ఆ బిల్లు ఎవరి ఒంటి మీద పడుతుందో వాళ్ళు గట్టిగా చెప్పుకోలేరు.

కొలతల బండి

ఇక ఆ ఆర్‌వీ సంగతి. ముందు లారీ మూతి, వెనక ఇల్లు, డ్రైవరు నెత్తిన కూడా ఒక పరుపు. మాది 25 అడుగులది, ఆరుగురికి. అద్దె రోజుకెంతో కోడలు నాకు చెప్పదు, రూపాయల్లోకి మారుస్తానని భయం. బొమ్మలు పంపితే అందరూ పరుపులు చూశారు, పొయ్యి చూశారు. నేను చూసింది వెనక మూల బీరువా అంత గది. తలుపుంది. లోపల్నుంచి గడియుంది. ఈ బండి కనిపెట్టినవాడు ఆ దేశంలో ఎంత డబ్బున్నవాడో నాకు తెలియదు గానీ, వాడి ఇంట్లో ఒక ముసలమ్మ ఉండే ఉంటుంది.

అయితే ఆ గది ఊరికే రాదు. ప్లానింగ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బండి కింద మూడు ట్యాంకులు: మంచినీళ్ళకొకటి, స్నానం, గిన్నెలు కడిగిన నీళ్ళకొకటి, దొడ్డికొకటి. ఫిష్ క్రీక్‌లో బండికి కరెంటు, నీళ్ళు, డ్రైనేజి కలుపుకునే ఏర్పాటు లేదు. మోసుకెళ్ళిందే వాడుకోవాలి, నిండితే డంప్ స్టేషన్ దగ్గరికి తీసుకెళ్ళి ఖాళీ చేసుకోవాలి. మంచినీళ్ళు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. రిటైరైనా లెక్కల టీచర్ని కాబట్టి వెంటనే భాగించాను: మనిషికి 25 లీటర్లు. మా అబ్బాయి, “సరిపోవమ్మా, రెండో రోజే మళ్ళీ నింపాలి” అన్నాడు. నేను నవ్వాను. కనిగిరి వైపు ఎండాకాలంలో కాపురం చేసిన ఏ ఇల్లాలికైనా ఇచ్చి చూడండి ఆ 150 లీటర్లు. తలంటు పోసి, బియ్యం కడిగిన నీళ్ళు చెట్టుకి పోసి, ఇంకా బిందెడు మిగిల్చి చూపిస్తుంది.

జనరేటరు వెయ్యడానికి వేళలుంటాయి, రాత్రిళ్ళు వెయ్యకూడదు. కాబట్టి రైస్ కుక్కరు కుదరదు, గ్యాసు మీద గంజి వార్చుకోవాలి. నాకు అదే వచ్చు. అన్నిటికంటే పెద్ద తగువు చేపల పులుసు దగ్గర వచ్చింది. అక్కడ ఎలుగుబంట్లున్నాయి. తినే వస్తువూ వండిన గిన్నే ఏదీ పని లేనప్పుడు బయట ఉంచకూడదు, తలుపులేసిన బండిలో పెట్టాల్సిందే. “నెల్లూరు పులుసు పెట్టి మామిడికాయ వేస్తే ఎలుగుబంటేంటి అత్తయ్యా, రేంజరే వస్తాడు” అంది కోడలు. పులుసు మొదటి రాత్రి దారిలో, పార్కులోకి అడుగుపెట్టకముందే అయిపోవాలని రాజీకొచ్చాం. పార్కులో నాలుగు రోజులూ కందిపొడి, గోంగూర, పులిహోర. రాళ్ళు ఏరుకోవడం కూడా నిషేధమట. ఆ చెరువు అడుగున ఎర్రవి, ఆకుపచ్చవి గులకరాళ్ళు అద్దకం వేసినట్టుంటాయి. పెన్నలోదొకటి, గుండ్లకమ్మదొకటి మా షోకేసులో ఉన్నాయి గదా, ఇదీ ఒకటి అనుకున్నాను. మా మనవరాలు వీడియో కాల్లోనే ప్రమాణం చేయించుకుంది.

తమ్ముడికి బాగా దొరికిన పాయింటు ఒకటుంది. కొండ మీదికి పోయే అసలు రోడ్డు, గోయింగ్ టు ద సన్ రోడ్, దాని మధ్య భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని పోనివ్వరు. మాది 25. “అంటే ఇంత ఇల్లు 500 మైళ్ళు మోసుకెళ్ళి, దాన్ని అక్కడ కట్టేసి, మీరు బస్సెక్కుతారా?” అని పడీపడీ నవ్వాడు. నవ్వడానికి న్యాయముంది. చిన్న బండి తీసుకుంటే పోనిచ్చేవాళ్ళు, కానీ అందులో ఆరుగురం పట్టం. ఆ బస్సులో ఇల్లు లేదు నిజమే, కానీ సాయంత్రానికి తిరిగొస్తే గడియున్న తలుపు నా కోసం ఉంటుంది. పగలు మంచినీళ్ళు కడుపునిండా తాగొచ్చు.

మా జేజి కాగితం లేని లెక్క

ఇదంతా అమెరికా పద్ధతి, మనం అట్టా కాదు, మనం గాలికి పొయ్యే మనుషులం అని ఒక వాదన ఉంది. ఇది నాకు మరీ చిరాకు. మా నాయన వాళ్ళది పొదలకూరు వైపు పల్లె. వైశాఖంలో నరసింహస్వామి బ్రహ్మోత్సవాలకి గూడుబండ్లు కట్టుకుని పెంచలకోన పోయేవాళ్ళు. చక్రాల మీద ఇల్లు అంటే అదే కదా? గూటి కింద పరుపు, వెనక గడ్డిమోపు, ఇరుసు కింద వేలాడే కుండ. మా అమ్మ కొత్త కోడలిగా ఆ బండెక్కి వెళ్ళిన ముచ్చట నాకు వందసార్లు చెప్పింది.

బండి కట్టడం మగవాళ్ళ పని. ఎక్కడ ఆపాలో మాత్రం చెప్పేది మా జేజి. ఫలానా మామిడితోపులో మొదటి రాత్రి, ఎందుకంటే అక్కడ మోటబావి ఉంది, బావి వెనక జిల్లేడు పొదలు దట్టం. ఫలానా ఊళ్ళో రెండో రాత్రి, అక్కడ మన చిన్నత్త తోడికోడలి పుట్టిల్లు, దొడ్డి గోడ ఎత్తు. ఎండ ముదరకముందే, చీకటి ఉండగానే బయల్దేరాలి, ఎద్దులకి మంచిదని బయటికి చెప్పేవాళ్ళు. ఎద్దులకే కాదని ఆడవాళ్ళందరికీ తెలుసు. దారి పొడవునా ఏ మలుపులో పొద ఉందో, ఏ ఊరిలో గడప తొక్కనిస్తారో జేజి తలలో ఒక పటం ఉండేది. ఇప్పుడు మా కోడలు ఈ ప్రయాణం కోసం కంప్యూటర్ షీటులో రాస్తున్నదీ అదే. ఎన్ని మైళ్ళకి ఆగాలి, అక్కడ ఏం ఉంది, చీకటి పడేలోపు చేరతామా.

ఆ పటం ఎప్పుడు పోయిందో నాకు అర్థమవుతుంది. కారు వచ్చాక. కారుకి వేగం ఉంది కాబట్టి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం కాబట్టి, దారి గురించి ఆలోచించక్కర్లేదు అనుకున్నాం. స్టీరింగు పట్టుకున్నవాడు ప్రయాణం నిర్ణయిస్తాడు. తోపులు పోయాయి, బావులు పూడ్చేశారు, రోడ్లు వెడల్పయి పొదలు కొట్టేశారు. కాలం ముందుకు పోయిందంటారు. పెంచలకోన దారిలో మా జేజికున్న మరుగు కంభం దారిలో మా అత్తమ్మకి లేదు.

నా వాదన మీద నాకే అనుమానం

తమ్ముడు అడగని ప్రశ్న ఒకటి మా కోడలు అడిగింది. బుకింగ్ అయిన మూడో రోజు ఆ షీటు నాకు పంపింది. అరవై రెండు వరసలు. కొలతలు, ఆగే చోట్లు, గ్యాసు, మందులు, పిల్లల చలికోట్లు, మామయ్య బీపీ మాత్రలు. చివరి గడి పేరు ‘ఎవరు’. ఆ గడిలో కిందికి పోతూ ఉన్నాను. ఆమె పేరు, ఆమె పేరు, ఆమె పేరు. బండి నడపడం అనే ఒక్కచోట మా అబ్బాయి.

“మీరు ప్లాన్ గొప్పదంటున్నారు అత్తయ్యా. ప్లాన్ వెయ్యడం కూడా పనే కదా?” అంది మెల్లగా.

అక్కడ నా నోరు మూతపడింది. ప్లాను లేకపోతే బిల్లు ఆడవాళ్ళకి అని నేను ఇంత పొడుగు రాస్తున్నాను. ప్లాను ఉన్నా బిల్లు వాళ్ళకే, కాకపోతే ముందే కట్టేస్తున్నారు. కంప చెట్టు వెనక నిలబడే అవస్థకీ, కుర్చీలో కూర్చుని అరవై రెండు వరసలు టైపు చేసే అవస్థకీ తేడా ఉంది, నిజమే. ఆ తేడాని చూపించి రెండోదాన్ని సుఖమంటే మాత్రం అది నా సౌకర్యం కోసం చెప్పే మాటే. పెళ్ళయిన కొత్తలో మా అత్తమ్మ కూడా నాతో అనేది, “మా కాలంలో రోలు, మీకు మిక్సీ, ఇంకేం?” అని.

ఇంకో అనుమానం, ఆ బుకింగ్ గురించి. ఎవరి రికమండేషనూ లేకుండా, ‘మనవాడు ఉన్నాడు’ అనే ఫోన్ కాల్ లేకుండా, క్యూలో మాకు చోటు దొరికింది. మన గెస్టుహౌసుల సంగతి తెలిసినదాన్ని కాబట్టి నాకది చాలా నచ్చింది. కానీ మేం ముగ్గురం, మూడు ఊళ్ళ నుంచి, మూడు కనెక్షన్ల మీద పోటీ పడ్డాం. ఆ సమయానికి డ్యూటీలో ఉన్న బస్సు డ్రైవరుకో, వంటమనిషికో ఆ నాలుగు రాత్రులు దొరికేవా? సమానమైన గీత మీద అందరూ నిలబడ్డారు గానీ, కొందరి కాళ్ళకి బూట్లున్నాయి. దీనికి నా దగ్గర జవాబు లేదు. దొరికిన చోటు వదులుకోవాలనీ అనిపించడం లేదు.

తమ్ముడి ఉత్సాహం ఇంతలో ఇంకో దారి పట్టింది. కేరళలో 2021 నుంచి కారవాన్ టూరిజం అంటున్నారు కదా, మనమూ ఒకటి అద్దెకి తెచ్చుకుని మళ్ళీ కంభం పోదాం, ఈసారి బాత్రూము కూడా ఉంటుంది, నీ గొడవ తీరిపోయింది అన్నాడు. గొడవ తీర్చాలన్న ఆలోచన వచ్చినందుకు సంతోషించాను.

“సరే, రెండో రోజుకి ట్యాంకు నిండుద్ది. యాడ ఖాళీ చేస్తావ్?”

“యాడో ఒకచోట...” అన్నాడు.

“చెరువులోనా?”

వాడు మాట్లాడలేదు. ఆ నీళ్ళతో కింద పొలాలు పండుతున్నాయి. ఆ కట్టకి ఒక పక్కన నాలుగు గదులు, వాటికి నీళ్ళు, ఒక వాచ్‌మన్, బండి ట్యాంకు దించుకోవడానికి ఒక గుంట. కారవాన్ కొనే డబ్బులో ఎన్నో వంతుకి అవి అయిపోతాయి. బండి మెరుస్తుంది కాబట్టి బండికి రిబ్బను కత్తిరిస్తారు. దొడ్డి గుంటకి రిబ్బను కత్తిరించే మంత్రిని నేనింతవరకు చూడలేదు, చూస్తే వెళ్ళి దండేస్తాను.

షీటు సంగతి చెప్పి ముగిస్తాను. నేను కోడల్ని అడిగి దాన్ని తెరిపించి, ‘ఎవరు’ గడిలో పేర్లు మార్చడం మొదలుపెట్టాను. గంజి వార్చడం, పొడులు కొట్టడం నాకు. కిరాణా, గ్యాసు, బండి తిరిగి అప్పగించడం మా అబ్బాయికి. పిల్లల బట్టలు పిల్లలకే, పెద్దదానికి పదకొండేళ్ళు. దొడ్డి ట్యాంకు దించడం అన్న వరస దగ్గర ఆగి, మా ఆయన పేరు టైపు చేశాను. ఆయన పేపరు పక్కన పెట్టి, అద్దాలు సర్దుకుని, స్క్రీన్ వంక చూశారు. ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళితే ఫోన్లో వీడియో చూస్తున్నారు. ఎవరో టోపీ పెట్టుకున్నాయన బండి కింద దూరి గొట్టం బిగిస్తున్నాడు. మా ఆయన దాన్ని ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూసి, కోడలికి వాయిస్ మెసేజ్ పెట్టారు: “అమ్మాయ్, ముందు నల్ల ట్యాంకు, అదే దొడ్డిది, వదిలి, తర్వాత స్నానం నీళ్ళ ట్యాంకు వదలాలంటున్నాడు, గొట్టం కడుక్కుపోడానికంట. నువ్వు షీటులో తిరగేసి రాశావ్, చూసుకో.”

తర్వాత నా వైపు తిరిగి, “గ్లౌజులు ఇక్కడ్నించి తీసుకుపోదామా, అక్కడ చూసుకుందామా?” అన్నారు.

“రాయండి” అన్నాను. అరవై మూడో వరస.